కుక్క కాటుకు చెప్పుదెబ్బేనా?

మన తెలుగువాళ్ళం కుక్క మీద చెప్పుకున్నన్ని సామెతలు ఇంకే జంతువు మీదా చెప్పుకోలేదేమో అనిపిస్తుంది. కుక్క తోక వంకర అంటాం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటాం. మొరిగే కుక్క కరవదంటాం. సుమతీ శతకకారుడైతే దాన్ని బంగారు సింహాసనం ఎక్కించి మరీ గుణం మారదని తేల్చేశాడు. ఇవన్నీ చాలవన్నట్టు, 'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అని శిక్షాస్మృతి కూడా ఒకటి రాసిపెట్టుకున్నాం.

చదివేది సైన్సు కాబట్టి, సామెతను కూడా ఒక ప్రతిపాదన లాగా తీసుకుని నిజమో కాదో చూడాలనిపించడం నా బోటి వాడికి సహజం. ఈ చివరి సామెతను పరీక్షించే సందర్భం మా ఇంట్లోనే వచ్చింది. కోరుకుని తెచ్చుకున్నది కాదు. అందులో ఒక పసిపిల్ల చెయ్యీ, ఒక కుక్క ప్రాణమూ చిక్కుకుని ఉన్నాయి. ఆ సంగతీ, దాని వెనక నేను చదివి తెలుసుకున్న సంగతులూ మిత్రులతో పంచుకుందామనే ఈ వ్యాసం.

మాది గుంటూరు జిల్లాలో మిరప, పత్తి పండించే ఊరు. జనవరి నుంచి మార్చి దాకా మా ఇంటికంటే కల్లమే మాకు ఇల్లు. కాయ ఎర్రగా పరిచి ఉంటుంది. సాయంత్రం మంచుకి పట్టాలు కప్పాలి, పొద్దెక్కాక తియ్యాలి, రాత్రి కాపలా పడుకోవాలి. ఆ కాపలాలో మా నాన్నకున్న ధైర్యంలో సగం నల్లోడిది. జాతీ గీతీ ఏమీ లేని ఊరకుక్క. అయిదేళ్ళుగా మా ఇంట్లోనే ఉంది. పగలు కొట్టంలో గుంజకు గొలుసుతో కట్టేవాళ్ళు, చీకటి పడితే కల్లంలో వదిలేవాళ్ళు. పగలు దాని దగ్గరికి పోయే వాళ్ళెవరూ లేరు, దాని అన్నం పళ్ళెం అక్కడ పడేసే మా నాయనమ్మ తప్ప.

పోయిన సంక్రాంతికి మా అక్క నాలుగేళ్ళ కూతుర్ని తీసుకుని పుట్టింటికొచ్చింది. నాకు పరీక్షలు పూర్తికాలేదు, ఇంకా హాస్టల్లోనే ఉన్నాను. పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ కొట్టంలోకి పోయి, నల్లోడు అన్నం తింటూంటే పళ్ళెం దగ్గర చతికిలబడిందట. అది గుర్రుమంది. మా బాబాయి పరుగున వెళ్ళి పిల్లను ఎత్తుకుని, కాలి చెప్పు తీసి కుక్కను నాలుగు తగిలించాడు. అది నోరు మూసుకుని మూలకు నక్కింది. 'బుద్ధొచ్చింది దొంగముండకి' అని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

మర్నాడు పిల్ల మళ్ళీ వెళ్ళింది. ఈసారి కుక్క గుర్రుమనలేదు. తిన్నగా ముంజేయి పట్టుకుంది. రెండు పళ్ళు దిగి నెత్తురొచ్చింది.

సామెత తలకిందులైందని నాకు అనిపించింది ఇక్కడే. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు గాని, మా కొట్టంలో జరిగింది చెప్పుదెబ్బకు కుక్క కాటు. గుర్రుమనడం కోపంతో పెట్టే కేక కాదు, 'దగ్గరికి రావద్దు' అని చెప్పడం. రైలుగేటు దగ్గర ఎర్రదీపం లాంటిదది. దీపం పగలగొట్టినంత మాత్రాన రైలు ఆగదు, వస్తోందని మనకు తెలియకుండా పోతుంది, అంతే. చెప్పుదెబ్బతో నల్లోడికి వచ్చిన బుద్ధి ఏమిటంటే, గుర్రుమంటే దెబ్బలు పడతాయని. పళ్ళెం పోతుందన్న భయం మటుకు అలాగే ఉంది. పైగా ఆ పిల్ల వస్తే చెప్పు కూడా వస్తుందన్న కొత్త భయం ఒకటి దానికి తోడైంది.

ఇంట్లో అందరూ కంగారుపడి పసుపూ సున్నమూ వెతుకుతూంటే, పక్కింటి ఆశా కార్యకర్త అక్క ఒక్కతే స్థిమితంగా ఆలోచించింది. పిల్లను కుళాయి కిందికి తీసుకుపోయి, సబ్బు పెట్టి, గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగించింది. అటునుంచి అటే ప్రభుత్వాసుపత్రికి. నెత్తురొచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. టీకా అదే రోజు మొదలుపెట్టి, 3, 7, 28 రోజులకు మళ్ళీ రమ్మన్నారు. కుక్కను వదలకుండా పదిరోజులు కట్టేసి చూడమన్నారు. కరిచినాటికి కుక్క లాలాజలంలో రేబిస్ క్రిమి ఉంటే, ఆ పదిరోజుల్లో అది జబ్బుపడడమో చావడమో జరిగితీరుతుంది. అది ఆరోగ్యంగా ఉందంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదన్నమాట.

నేను ఇంటికి వచ్చేసరికి మా వాళ్ళ తీర్పు అయిపోయింది. 'ఆ పదిరోజులూ కానీ. తరవాత బండి మీద వేసుకుపోయి కాలవ అవతల వదిలేసి వద్దాం' అన్నాడు నాన్న. కాలవ అవతల మరో ఊరుంది, అక్కడా పిల్లలున్నారు. కొత్త ఊళ్ళో, కొత్త కుక్కల మధ్య, ఆకలితో, భయంతో తిరిగే కుక్క ఇంకెంతమందిని కరుస్తుందో! ఆ మాటంటే నాన్న, 'అయితే నీ మేనకోడల్ని కరవనిమ్మంటావా?' అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాబట్టి కుక్క కోసం జాలి మాటలు మాట్లాడి లాభం లేదు. పిల్లకు భద్రత ఎలాగో చూపించాలి. అందుకు నాకున్న గడువు, డాక్టరుగారు కుక్కకిచ్చిన ఆ పదిరోజులే.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. కోడెల్ని కాడికి మప్పడంలో ఆయనకు మా చుట్టుపక్కల మంచి పేరుంది. ఇప్పుడంటే దుక్కులన్నీ ట్రాక్టర్లవే గాని, మిరపలో గుంటక తోలడానికి మా ఇంట్లో ఇంకా ఒక జత ఎడ్లున్నాయి. కోడె మెడ మీద ముందు ఉత్త కాడి పెట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. తుండుగుడ్డలోంచి గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు తీసి పెడతాడు. మెడ నిమిరి 'శభాష్‌రా అయ్యా' అంటాడు. మర్నాడు పదడుగులు. ములుకోల ముట్టుకోడు. 'ములుకోలతో నేర్చిన ఎద్దు ములుకోల కనపడితేనే నడుస్తుందిరా' అంటాడు.

ఈ 'మప్పడం' అనే మాట ఎంత గొప్పదో నాకు సైకాలజీ పుస్తకాలు తిరగేశాకే తెలిసింది. లొంగదీయడం వేరు, మప్పడం వేరు. లొంగదీస్తే భయంతో ఆగుతుంది, మప్పితే ఇష్టంతో చేస్తుంది. 'రుచి మరిగిన పిల్లి' అంటామే, ఆ మరగడానికి మరో కొసే ఈ మప్పడం. 1898లో థార్న్‌డైక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచి, అవి తలుపు తీసుకుని రావడానికి ప్రతిసారీ ఎంతసేపు పడుతోందో రాసుకున్నాడు. ఫలితం బాగున్న పని మళ్ళీ మళ్ళీ చేస్తుందనీ, ప్రతిసారీ వేళ తగ్గుతూ వస్తుందనీ తేల్చాడు. మనవాళ్ళు సామెతలో చెప్పిన మరగడాన్నే ఆయన గడియారం పెట్టి కొలిచాడన్నమాట. 1938లో స్కిన్నర్ దీన్ని ఇంకా విస్తరించి పుస్తకం రాశాడు.

అంతకుముందే రష్యాలో పావ్లోవ్ ఉన్నాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనకు. ఆ పరిశోధనల్లోనే, తిండి నోట పడకముందే, తిండి తెచ్చే మనిషిని చూడగానే కుక్కకు నోరూరడం ఆయన కంటబడింది. థార్న్‌డైక్ చెప్పింది పని గురించి, పావ్లోవ్ చెప్పింది మనసు గురించి అనుకోవచ్చు. మనిషి దగ్గరికి రావడం అనేది మంచికి గుర్తో చెడుకు గుర్తో కుక్క ఇలాగే నేర్చుకుంటుంది.

అయితే కుక్కను అణచకపోతే నెత్తికెక్కుతుందని ఒక వాదం ఉంది. తోడేళ్ళ గుంపులో బలమైనదే నాయకుడనీ, మనం కుక్కకు అలాంటి నాయకుడిలా ఉండాలనీ అంటారు. ఇది 1947లో షెంకెల్ అనే ఆయన బోనుల్లో బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి రాసినదాని మీద పెరిగిన వాదం. ఎక్కడెక్కడివో పట్టుకొచ్చి ఒకచోట కుక్కితే మనుషులైనా కొట్టుకుంటారు. దానికి తన పుస్తకం ద్వారా ప్రచారమిచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రజ్ఞుడే, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించి, 1999లో ఆ మాట సరిదిద్దాడు. గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న సంసారమేనని రాశాడు. పెద్దరికం ఉంటుంది గాని అది కొట్టి సంపాదించినది కాదు. 2021లో అమెరికా పశుప్రవర్తన వైద్యుల సంఘం కూడా, కుక్కలకు నేర్పడంలో బహుమానం ఇచ్చే పద్ధతులే వాడమని, గొలుసులు బిగించడం, కరెంటు షాకు పట్టీలు, కొట్టడం వద్దని ప్రకటించింది.

ఇంతకీ ఆ పదిరోజుల్లో ఏం చేశామంటే –

మొదటిది నేర్పడం కాదు, అడ్డం కట్టడం. కొట్టంలో నల్లోడి చోటుకూ వాకిలికీ మధ్య దడి కట్టాం. దడి అవతలికి పిల్ల పోకూడదు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా కుక్కా పిల్లా ఒకచోట ఉండకూడదు. ఈ నియమాలు కుక్కకు కావు, మనకు. కుక్క మారేదాకా ఆగడానికి పిల్ల చెయ్యి ప్రయోగశాల కాదు గదా!

రెండోది పళ్ళెం. అది అన్నం తింటూంటే గొలుసు అందనంత దూరాన, రెండు బారల అవతల నిలబడేవాణ్ణి. వేలిగోరంత ఎండుచేప ముక్క పళ్ళెం వైపు విసిరి, వెంటనే వెనక్కి వచ్చేసేవాణ్ణి. అంతే. పూటకు నాలుగైదుసార్లు. మొదటి రెండురోజులూ నన్ను చూడగానే దాని ఒళ్ళు కర్రలా బిగుసుకునేది. తినడం ఆపి, తల పళ్ళెం మీదే ఉంచి, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూసేది. అలా ఉన్నప్పుడు ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. ఒళ్ళు వదులైతేనే ఒక అడుగు, బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. నాలుగోనాటికి నా అడుగుల చప్పుడు వినపడగానే తల పైకెత్తి తోకంతా నడుముతో సహా ఊపడం మొదలుపెట్టింది. వచ్చేవాడు లాక్కోడానికి కాదు, ఇవ్వడానికి వస్తున్నాడని దానికి తెలిసిందన్నమాట. పావ్లోవ్ ఏం చెప్పాడో మా కొట్టంలో అంత బాగా అర్థమైంది నాకు.

మూడోది మాట. మేము ఏర్పాటు చేసుకున్న మాట 'శభాష్' – మా నాన్న ఎడ్లకు చెప్పేదే. పని చేసిన క్షణంలోనే ఆ మాట పడాలి, వెంటనే ముక్క పడాలి. ఆలస్యమైతే ఏ పనికి ఇచ్చామో దానికి తెలియదు. 1960 దశకంలో హవాయి దీవుల్లో కారెన్ ప్రయర్ అనే ఆమె డాల్ఫిన్లకు ఈల ఊది ఇలాగే నేర్పింది. నీళ్ళలో ఈదే డాల్ఫిన్‌ను కొరడాతో కొట్టబోతే అవతలికి పోతుంది, అంతే. అంచేత కొట్టకుండా నేర్పే దారి వెతుక్కోక తప్పలేదు. ఆ దారే తరవాత కుక్కలకూ వచ్చింది. ముక్కును దడి మీదుగా పైకి చూపిస్తే నల్లోడు తల ఎత్తేది, తల ఎత్తితే వెనక భాగం దానంతటదే కిందికి దిగేది. దిగగానే 'శభాష్'. మూడురోజుల్లో 'కూర్చో' అంటే కూర్చునేది. మీదికి దూకడమూ కూర్చోవడమూ ఏ కుక్కా ఒకేసారి చేయలేదు. కాబట్టి వద్దన్న పనిని కొట్టి మాన్పించేకంటే, దానికి అడ్డొచ్చే మంచి పని ఒకటి మప్పడం తేలిక.

మా బాబాయి ఇదంతా చూసి, 'తిండి చూపించి చేయించుకోవడం లంచం కాదట్రా?' అన్నాడు. దానికి జవాబు నేను చెప్పనక్కర్లేకపోయింది. కాయలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళలో ఒకామె అందుకుని, 'లంచం ముందిస్తారయ్యా, పనయ్యాక ఇచ్చేది కూలి' అంది. అందరూ నవ్వారు గాని నాకు మటుకు ఏ పుస్తకంలోనూ అంత చక్కటి నిర్వచనం కనపడలేదు. కూలి ఇవ్వకుండా కొట్టి చేయించుకుంటే దాన్ని వెట్టి అంటారు. వెట్టి చేసేవాడు యజమాని కన్ను మరలితే ఏం చేస్తాడో మనకు తెలియందా?

పదోరోజు పశువైద్యుడు వచ్చి చూశాడు. కుక్క నిక్షేపంగా ఉంది. టీకా వేశాడు. ఏడాదికోసారి మరవకుండా వేయించమన్నాడు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, 'కల్లం అయ్యేదాకా ఉండనీ, చూద్దాం' అన్నాడు. నేను కాలేజీకి వచ్చేశాను. శనివారం శనివారం వెళ్ళినప్పుడు చూస్తే, కల్లంలోకి వచ్చే ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి తలా ఒక రొట్టెముక్క విసిరి, 'మా కూలి రాకముందే నీ కూలా!' అని నవ్వుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు. నల్లోడు కూర్చునేది. మార్చిలో కాయ అంతా యార్డుకి పోయింది. కాలవ మాట ఎవరూ ఎత్తలేదు. ఒకనాడు పొద్దున్నే నాన్న గొంతు కొట్టంలోంచి 'శభాష్‌రా అయ్యా' అని వినపడింది. ఎడ్లు అప్పుడు చేలో ఉన్నాయి.

దీన్ని విజయగాథగా చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. నల్లోడు ఇప్పటికీ కుక్కే. దడి ఇప్పటికీ ఉంది. మా మేనకోడలు వచ్చినప్పుడు ఇప్పటికీ ఎవరో ఒకరు పక్కనుంటారు. తింటున్న కుక్కనీ, నిద్రపోతున్న కుక్కనీ, పిల్లల తల్లినీ కదిలించకూడదని ఆ పిల్లకు నేర్పాం. కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలకు అక్షరాలతో పాటు నేర్పవలసిన సంగతులివి. కుక్క తల పక్కకు తిప్పుకోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, ఊరికే పెదాలు నాక్కోవడం – ఇవి కూడా 'నన్ను వదిలెయ్యండి' అని చెప్పే మాటలే. తోక ఊపుతోందంటే స్నేహమేనని నమ్మకూడదు. తోక నిటారుగా పెట్టి, ఒళ్ళు బిగించి ఊపుతూంటే అది హెచ్చరిక. మొరిగే కుక్క కరవదన్న సామెతను మటుకు నమ్మి ఎవరూ చెయ్యి చాపవద్దు.

నన్నయగారి ఆదిపర్వం చదివినవాళ్ళకు సరమ కథ తెలుసు. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుణ్ణి, ఏ తప్పూ లేకుండానే రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, మంచీ చెడ్డా ఆలోచించకుండా దిక్కులేనివాళ్ళకు కీడు చేసేవాళ్ళకు, ఎందుకొచ్చాయో తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళింది. అంత పెద్ద భారతంలో, కథ మొదట్లోనే, ఒక కుక్క ఫిర్యాదు ఉండడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మా కొట్టంలో వచ్చిపడ్డ భయం మటుకు ఎందుకొచ్చిందో తెలియనిది కాదు.

చివరగా మిత్రులకు రెండు మాటలు. రేబిస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని, అందులో నూటికి నలభైమంది పదిహేనేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు కనపడ్డాక బతకడం దాదాపు లేదు. కానీ 1885 జులై 6న పాశ్చర్ తొమ్మిదేళ్ళ కుర్రవాడికి మొదటిసారి టీకా ఇచ్చిన నాటినుంచీ మన చేతిలో ఆయుధం ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి పోనివాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడిచ్చేవి చేతికి నాలుగైదు సూదులు, అంతే. గీరినా, కరిచినా ముందు సబ్బూ నీళ్ళూ పదిహేను నిమిషాలు, తరవాత అదేరోజు ఆసుపత్రి. కారం, సున్నం, పసరు వద్దు.

రాత్రిపూట సినిమా చూసి హాస్టలుకు వచ్చేటప్పుడు సందులో కుక్కలు ఎదురైతే పరుగెత్తకండి, రాయి కోసం వంగకండి. చేతులు దగ్గరగా పెట్టుకుని, కళ్ళలోకి చూడకుండా, చెట్టులా కాసేపు నిలబడి, మెల్లగా పక్కకు తప్పుకోండి. ఇక సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు, మీ ఊళ్ళో మీ వాకిట్లో ఉన్న కుక్కకు టీకా ఎప్పుడు వేయించారో ఇంట్లో ఒకసారి అడగండి. సమాధానం రాకపోతే, ఆ సాయంత్రమే పశువుల ఆసుపత్రి ఎన్నింటికి తీస్తారో కనుక్కోండి. పోయేటప్పుడు జేబులో రెండు రొట్టెముక్కలు కూడా వేసుకోండి. సూది పడ్డాక కూలి ఇవ్వాలి గదా!